ఆస్పత్రి కాగితాల్లో పొడి అక్షరాలు: ఏది ఎక్కడ ఉంటే ఏం అర్థం

డాక్టర్ రాసిన చీటీ చదవడానికి వీలుగా ఉండటం రోగి ప్రాథమిక హక్కు అని 2025 ఆగస్టులో పంజాబ్–హర్యానా హైకోర్టు చెప్పింది. జీవించే హక్కులోనే ఆరోగ్య హక్కు ఉంది, తన జబ్బేమిటో, రాసిన మందేమిటో తెలుసుకోవడం అందులో భాగం అన్నది ఆ తీర్పు సారాంశం. దాంతో డాక్టర్ల చేతిరాత మీద మళ్లీ పెద్ద చర్చ నడిచింది.

చేతిరాత సంగతి సగమే. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో చాలా పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పుడు ఇచ్చేది కంప్యూటర్ ప్రింటు. ప్రతి అక్షరం ముత్యంలా కనిపిస్తుంది. అయినా ‘1-0-1 పీసీ × 5/7’, ‘కే/సీ/ఓ డీఎం, హెచ్‌టీఎన్’, ‘ఎస్‌పీఓ2 98 శాతం ఆన్ ఆర్‌ఏ’ అని ఉంటే, నందిగామ నుంచో మాచర్ల నుంచో ఫైలు చంకలో పెట్టుకుని వచ్చిన కుటుంబం చదవగలుగుతుంది కానీ అర్థం చేసుకోలేదు. దానికి తోడు ల్యాబ్ రిపోర్టు రాత్రి తొమ్మిదింటికే వాట్సాప్‌లో వచ్చేస్తోంది. డాక్టర్ని కలిసేది మర్నాడు పొద్దున. ఆ మధ్యలో ఇంటిల్లిపాదికీ టెన్షనే.

పొడి అక్షరాలన్నిటికీ ఒక పట్టిక ఇచ్చేస్తే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. ఒకే రెండక్షరాలు మందుల చీటీలో ఒకటి, గుండె స్కాన్ అయిన ఎకో రిపోర్టులో ఇంకొకటి, కేస్ షీట్‌లో మరొకటి అవుతాయి. అందుకే అవి ఏ కాగితంలో, ఏ వరుసలో ఉన్నాయన్నదే ముందు చూడాల్సిన విషయం.

ఈ రాత ఎవరి కోసం?

మందుల చీటీని డాక్టర్ మందుల షాపు వాళ్ల కోసం రాస్తారు. కేస్ షీట్ రాసేది నర్సు కోసం, నైట్ డ్యూటీకి వచ్చే డాక్టర్ కోసం. స్కాన్ రిపోర్టు రేడియాలజిస్టు నుంచి స్కాన్ రాసిన డాక్టర్‌కి వెళ్లే జవాబు. డిశ్చార్జి సమ్మరీ తర్వాత చూడబోయే డాక్టర్ కోసం, దాంతోపాటు ఇన్సూరెన్స్ వాళ్ల కోసం, ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే ఆ క్లెయిము కోసం. వీటిలో ఏదీ నేరుగా రోగిని ఉద్దేశించి రాసింది కాదు.

కానీ మన దగ్గర ఈ కాగితాలన్నీ మోసేది రోగే. పదేళ్ల నాటి ఈసీజీ నుంచి నిన్నటి రక్తపరీక్ష దాకా అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గుంటూరులో చూపించుకున్నవాళ్లు విజయవాడకీ, అక్కడి నుంచి హైదరాబాద్‌కీ తీసుకెళ్తారు. రాసినవారు ఊహించిన పాఠకుడు ఒకరు, చేతిలో పట్టుకున్న మనిషి ఇంకొకరు. గందరగోళానికి మూలం ఇదే.

చీటీలో ఎన్నిసార్లు, ఎన్నాళ్లు, ఎప్పుడు

మందుల చీటీలో పొడి అక్షరాలు ఎక్కువగా లాటిన్ నుంచి వచ్చినవి. ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు. హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. స్టాట్ అంటే ఇప్పుడే, ఆలస్యం లేకుండా. ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక. ఈమధ్య చాలామంది డాక్టర్లు బీఎఫ్, ఏఎఫ్ అని రాస్తున్నారు, తినకముందు, తిన్న తర్వాత అని. బీబీఎఫ్ అంటే టిఫిన్‌కి ముందు.

1-0-1 లాంటి అంకెలు వీటికన్నా తేలిక. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో ఎన్నెన్ని బిళ్లలో చెబుతాయి. దాని పక్కన ఉండే 5/7 చాలామందిని తికమకపెడుతుంది. ఏడింట ఐదు అని కాదు. గీత కింద 7 ఉంటే లెక్క రోజుల్లో, 52 ఉంటే వారాల్లో, 12 ఉంటే నెలల్లో. 5/7 ఐదు రోజులు, 2/52 రెండు వారాలు, 3/12 మూడు నెలలు.

ఒక చీటీ ఊహించుకుందాం. జ్వరం, గొంతునొప్పితో వచ్చిన మిర్చి యార్డు హమాలీకి ఇలా రాశారు: ప్యాంటాప్రజోల్ 40, 1-0-0, బీబీఎఫ్, × 5/7. అమాక్సిసిలిన్–క్లావులనేట్ 625, బీడీ, పీసీ, × 5/7. సెట్రిజిన్ 10, హెచ్‌ఎస్, × 3/7. పారాసెటమాల్ 650, ఎస్‌ఓఎస్. దీని అర్థం: పొద్దున టిఫిన్‌కి ముందు గ్యాస్ బిళ్ల ఒకటి, ఐదు రోజులు. యాంటీబయాటిక్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక, ఐదు రోజులు, అంటే మొత్తం పది బిళ్లలు. పడుకునే ముందు సెట్రిజిన్, మూడు రాత్రులు. చివరిదానికి పూటల లెక్కే లేదు. ఎస్‌ఓఎస్ అనగానే సినిమాల్లో చూసిన ప్రమాద సంకేతం గుర్తొచ్చి కంగారుపడేవాళ్లున్నారు. ఇక్కడ దాని అర్థం ‘అవసరం పడితేనే’ అని. జ్వరం లేకపోతే ఆ బిళ్ల అక్కర్లేదు. అయితే ఎస్‌ఓఎస్ అన్న మాటలో రోజుకి గరిష్ఠంగా ఎన్ని, ఎంత ఎడంలో అన్నది ఉండదు. ఆ లోటును డాక్టరో, షాపులో ఫార్మసిస్టో నోటితో పూరించాల్సిందే.

వారానికోసారి మందు దగ్గర జరిగే ప్రమాదం

చీటీలో అన్నిటికన్నా భయపడాల్సింది నాకు తెలిసి ఇదే. మనవాళ్లకి మందు అంటే రోజూ వేసుకునేది. కాబట్టి వారానికోసారి వేసుకోమని రాసినదాన్ని రోజూ మింగేయడం చాలా సులువు.

విటమిన్ డి తీసుకోండి. ‘60కే, వీక్లీ, × 8’ అని రాస్తారు. కే అంటే వెయ్యి, కాబట్టి 60,000 యూనిట్లు. ఎనిమిది వారాలపాటు వారానికొకటి అని డాక్టర్ ఉద్దేశం. స్ట్రిప్పులో ఉన్న ఎనిమిదీ రోజుకొకటి చొప్పున వేసుకుంటే రెండు నెలల్లో ఒంట్లోకి వెళ్లాల్సిన 4,80,000 యూనిట్లు ఎనిమిది రోజుల్లో వెళ్లిపోతాయి. ఇలా మోతాదు మించుతూ పోతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, మలబద్ధకం, మగత దగ్గర మొదలై కిడ్నీల దాకా వెళ్లొచ్చు.

మెథోట్రెక్సేట్ విషయంలో ఇది ప్రాణాంతకం. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి ఈ మందును తక్కువ మోతాదులో వారానికి ఒక్కరోజే ఇస్తారు. చీటీలో దాన్ని ఎంటీఎక్స్ అని కుదించి రాస్తుంటారు. మిగతా రోజుల్లో వేసుకోమని ఫోలిక్ యాసిడ్ కూడా అదే చీటీలో ఉంటుంది. రెండూ చిన్న పసుపు బిళ్లలే కావచ్చు. ఏది వారానికొకసారో, ఏది మిగతా రోజుల్లోనో తారుమారైతే మూలుగ దెబ్బతిని, రక్తకణాలు పడిపోతాయి. ప్రపంచంలో చాలా దేశాల్లో ఈ పొరపాటుతో మనుషులు చనిపోయారు. అందుకే ఐరోపా ఔషధ సంస్థ 2019లో ఈ మందు డబ్బాల మీద వారానికోసారి అన్న హెచ్చరిక స్పష్టంగా ఉండాలని చెప్పింది. వారానికోసారి అనడానికి ‘ఓడబ్ల్యూ’ అన్న రెండక్షరాల బదులు ‘ఆదివారం మాత్రమే’ అని వారం పేరు రాసే డాక్టర్లు మన దగ్గరా ఉన్నారు. ఆ రెండు మాటలు రాయడానికి పట్టే సమయం ఎంతని?

ఇన్సులిన్ దగ్గర ఇంకో చిక్కు. యూనిట్లు అని పూర్తిగా రాయకుండా ఇంగ్లిష్ ‘యూ’ అక్షరం ఒక్కటే చేత్తో రాస్తే అది సున్నాలా కనిపిస్తుంది. 4 యూనిట్లు 40 అయిపోతుంది. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ‘వాడకూడని పొడి అక్షరాలు’ అని ఒక జాబితా పెట్టింది. ఈ ‘యూ’ అందులో ఉంది. దశాంశాలదీ అదే కథ. 1.0 అని రాస్తే చుక్క కనపడక 10 అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఒట్టి 1 రాయాలని, సగం మిల్లీగ్రాముకు .5 అని కాకుండా 0.5 అని ముందు సున్నా పెట్టాలని ఆ జాబితా చెబుతుంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలు 100 యూనిట్లవి. సిరంజి కూడా దానికి తగ్గట్టే ఉండాలి. 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత.

ఇక మందు పేరు చివర ఉండే తోకలు. ప్యాన్ 40 వేరు, ప్యాన్ డీ వేరు. రెండోదాంట్లో వాంతులు ఆపే డోంపెరిడోన్ కూడా కలిసి ఉంటుంది. టెల్మా 40 బీపీ మందు. టెల్మా ఏఎం అంటే దానికి ఆమ్లోడిపిన్, టెల్మా హెచ్ అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్ తోడైనట్టు. షుగర్ బిళ్లల పేరు చివర ఎం ఉంటే చాలావరకు మెట్‌ఫార్మిన్. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉంటే మందు ఒంట్లోకి మెల్లగా విడుదలయ్యే రకం. దాన్ని నూరి ఇస్తే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే వెళ్లిపోతుంది. మింగలేని పెద్దవాళ్లకి బిళ్లలు నూరి ఇచ్చే ఇళ్లలో ఈ తోక చాలా ముఖ్యం.

రెండే అక్షరాలు, మూడు అర్థాలు

ఓడీ అంటే రోజుకొకసారి అన్నాం. కంటి వైద్యంలో అదే ఓడీకి కుడి కన్ను అని అర్థం ఉంది. ఓఎస్ ఎడమ కన్ను, ఓయూ రెండు కళ్లూ. శుక్లాల ఆపరేషన్ అయిన మామ్మగారి చీటీలో చుక్కల మందు పక్కన ఒట్టి ‘ఓడీ’ అని ఉంటే రోజుకొకసారి వేయాలా, కుడి కంట్లో వేయాలా? అందుకే మన కంటి ఆస్పత్రుల్లో ఎక్కువమంది ఆర్‌ఈ, ఎల్‌ఈ అని రాస్తారు, కుడి, ఎడమ అని తేలిగ్గా తెలిసేలా.

ఆర్‌ఏ సంగతి చూడండి. డిశ్చార్జి సమ్మరీలో ‘ఎస్‌పీఓ2 98 శాతం ఆన్ ఆర్‌ఏ’ అంటే రోగి ఆక్సిజన్ పెట్టకుండా, మామూలు గాలి పీలుస్తూనే రక్తంలో 98 శాతం ఆక్సిజన్ నిలుపుకున్నారని. మంచి మాట. ల్యాబ్ రిపోర్టులో ‘ఆర్‌ఏ ఫ్యాక్టర్’ అంటే కీళ్లవాతానికి చేసే పరీక్ష. ఎకో రిపోర్టులో ‘ఆర్‌ఏ, ఆర్‌వీ నార్మల్’ అంటే గుండెలో కుడివైపు పై గది, కింది గది బాగున్నాయని. ఒకే ఫైల్లో మూడూ ఉండొచ్చు. అలాగే ఎంఎస్ గుండె డాక్టర్‌కి కవాటం ఇరుకు, నరాల డాక్టర్‌కి మల్టిపుల్ స్క్లిరోసిస్. ఫోన్లో వెతికితే ముందు ఏది కనిపిస్తే అదే మన జబ్బు అనుకుంటాం.

వీటన్నిటిలో ఎక్కువ గుండెలు అదరగొట్టేది సీఏ. బయోకెమిస్ట్రీ రిపోర్టులో ‘సీఏ 9.4’ అంటే కాల్షియం. 8.5 నుంచి 10.5 మధ్య ఉంటే మామూలే. డయాగ్నసిస్ అన్న వరుసలో ‘సీఏ బ్రెస్ట్’, ‘సీఏ స్టమక్’ అని ఉంటే మాత్రం అది క్యాన్సర్. పక్కన అంకె ఉందా, అవయవం పేరు ఉందా అన్నది అర్థాన్ని పూర్తిగా మార్చేస్తుంది.

ల్యాబ్ రిపోర్టు: ఎర్ర అక్షరాల అసలు అర్థం

మన వైపు ల్యాబుల్లో సీబీపీ అంటే రక్తకణాల పూర్తి లెక్క, సీయూఈ అంటే మూత్ర పరీక్ష. ఎఫ్‌బీఎస్ పరగడుపున షుగర్, పీపీబీఎస్ తిన్న రెండు గంటలకి, ఆర్‌బీఎస్ ఎప్పుడంటే అప్పుడు తీసింది. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు. ఎల్‌ఎఫ్‌టీ లివర్‌కి, ఆర్‌ఎఫ్‌టీ కిడ్నీలకి. ఒక ల్యాబ్ ఎస్‌జీపీటీ అని, ఇంకో ల్యాబ్ ఏఎల్‌టీ అని రాస్తుంది. రెండూ ఒకటే పరీక్ష. ఎస్‌జీఓటీ, ఏఎస్‌టీ కూడా అంతే. పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు ‘ఈసారి ఎస్‌జీపీటీ చేయనేలేదు’ అని ల్యాబుతో గొడవపడేవాళ్లని చూస్తుంటాం.

ఫలితం పక్కన ఎర్రగా హెచ్ అనో ఎల్ అనో ఉంటే మామూలు హద్దుకన్నా ఎక్కువ, తక్కువ అని. ఆ హద్దును ఎలా పెట్టారో తెలిస్తే సగం భయం పోతుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామందికి పరీక్ష చేసి, మధ్యలో ఉన్న 95 శాతం మంది అంకెలను హద్దుగా తీసుకుంటారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో ఐదుగురు ఎలాగూ బయటే ఉంటారు. ఒకే రోజు ఇరవై రకాల పరీక్షలు చేయించుకుంటే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్క ఎర్రక్షరం వచ్చే అవకాశం లెక్క ప్రకారం 64 శాతం. హెల్త్ చెకప్ ప్యాకేజీ ఎంత పెద్దదైతే ఎర్రక్షరాలు అన్ని ఎక్కువ. హద్దుకి కొంచెం బయట ఉండటం వేరు, చాలా దూరంగా ఉండటం వేరు. కొన్ని పరీక్షల్లో హద్దు ఇలా సగటు లెక్కలోంచి రాదు, జబ్బు ముప్పును బట్టి నిర్ణయిస్తారు. పరగడుపు షుగర్ 126, హెచ్‌బీఏ1సీ 6.5 అలాంటివి. అక్కడ నుంచి పైకి ఉంటే డయాబెటిస్ కింద లెక్కిస్తారు. అయితే లక్షణాలేమీ లేనప్పుడు ఒక్క ఫలితంతో తేల్చరు, ఇంకో ఫలితంతో నిర్ధారించుకుంటారు.

డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ల యూనిట్లు పెట్టే కంగారు ఇంతా అంతా కాదు. ఒక ల్యాబ్ ‘1.8 లక్షలు’ అని రాస్తుంది. మర్నాడు వేరే ల్యాబ్ ‘180’ అని ఇస్తుంది, పక్కన చిన్న అక్షరాల్లో ‘× 10³’ అని ఉంటుంది. నిన్న లక్షా ఎనభై వేలు, ఇవాళ నూట ఎనభయ్యేనా అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. 180ని వెయ్యితో గుణిస్తే 1,80,000. ఒక్కటి కూడా తగ్గలేదు. మామూలు హద్దు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు.

పాజిటివ్ అన్న మాట మన బయటి వాడుకలో మంచిది. రిపోర్టులో దాని అర్థం ‘వెతికినది దొరికింది’ అని మాత్రమే. డెంగీ ఎన్‌ఎస్1 పాజిటివ్ అంటే వైరస్ తాలూకు పదార్థం దొరికిందని. బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్‌లోని పాజిటివ్‌కి జబ్బుతో సంబంధమే లేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షల్లో నెగటివ్ బదులు నాన్ రియాక్టివ్ అని రాస్తారు. ఎన్‌ఏడీ అంటే తేడా ఏమీ కనపడలేదని.

ఎకోలో 60 శాతం అంటే 40 శాతం పోయినట్టా?

గుండె రిపోర్టుల్లో ఎక్కువమందిని నిద్రపోనివ్వని అంకె ఈఎఫ్. ‘ఈఎఫ్ 60 శాతం’ అని చూడగానే గుండె అరవై శాతమే పనిచేస్తోందని, మిగతా నలభై పోయిందని అనుకుంటారు. వందకి వంద రావాలన్న పరీక్షల లెక్క మన బుర్రలో అలా పాతుకుపోయింది.

ఎడమ కింది గది పూర్తిగా నిండినప్పుడు అందులో 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకుందాం. గుండె ఒకసారి కొట్టుకున్నప్పుడు 72 మిల్లీలీటర్లు బయటికి నెట్టింది. 72ని 120తో భాగిస్తే 60 శాతం. అదే ఈఎఫ్. మిగిలిన 48 మిల్లీలీటర్లు గదిలోనే ఉంటాయి, ఉండాలి కూడా. ఏ ఆరోగ్యవంతుడి గుండే ఒక్క దెబ్బకి గదిని పూర్తిగా ఖాళీ చేయదు. సుమారు 52–55 నుంచి 70 వరకు మామూలు కిందే లెక్క. 40కో, అంతకంటే తక్కువకో దిగితే గుండె నెట్టే బలం బాగా తగ్గినట్టు. కాబట్టి 60 అనేది మంచి వార్త.

‘నో ఆర్‌డబ్ల్యూఎంఏ’ కూడా అలాంటి మంచి వార్తే. గుండె గోడలో ఏ భాగమూ కదలిక మందగించి లేదని. ‘ట్రివియల్ టీఆర్’ అంటే ఒక కవాటం దగ్గర లెక్కలోకి రానంత వెనక్కి కారడం. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి కనిపిస్తుంది. ‘గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్’ వయసు పైబడినవాళ్లకి, బీపీ ఉన్నవాళ్లకి తరచుగా వస్తుంది. గుండె నెట్టడంలో కాదు, రక్తం నింపుకునేటప్పుడు వదులయ్యే తీరులో కొంచెం మందగింపు ఉందని దాని అర్థం.

స్కాన్ రిపోర్టు చివర ‘క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’ అని దాదాపు ప్రతిసారీ ఉంటుంది. బొమ్మలో కనపడింది రాశాను, మనిషిని చూసి, లక్షణాలతో కలిపి తేల్చండి అని రేడియాలజిస్టు సాటి డాక్టర్‌కి చెప్పే మాట అది. దీన్ని కొందరు తప్పించుకునే రాత అంటారు. నాకలా అనిపించదు. కడుపునొప్పి కుడివైపో ఎడమవైపో, జ్వరం ఉందో లేదో స్కాన్ తీసినవారికి చాలాసార్లు తెలియదు.

జబ్బు పేరు ముందు ఉండే ప్రశ్నార్థకం చిన్నదే కానీ దాని బరువు చాలా ఎక్కువ. ‘? టీబీ’ అంటే టీబీ ఉందని కాదు, అనుమానం ఉంది, చూడాలి అని. ‘ఆర్/ఓ’ అంటే ఆ జబ్బు కాదని తేల్చుకోవడానికి పరీక్ష చేస్తున్నామని. బంధువులకు ఫోన్లో చదివి వినిపించేటప్పుడు ముందుగా జారిపోయేది ఈ ప్రశ్నార్థకమే.

డిశ్చార్జి సమ్మరీలో నిడివి, తీవ్రత

కే/సీ/ఓ డీఎం, హెచ్‌టీఎన్ అంటే ముందునుంచే షుగర్, బీపీ ఉన్న మనిషి అని. సీ/ఓ చెప్పుకున్న బాధలు, హెచ్/ఓ గతంలో ఉన్నవి, ఓ/ఈ పరీక్షించి చూసినప్పుడు కనపడినవి. పీ/ఏ సాఫ్ట్ అంటే కడుపు నొక్కితే మెత్తగా ఉంది, బీఏఈ ప్లస్ అంటే రెండు ఊపిరితిత్తుల్లోకీ గాలి వెళ్తోంది. ఎన్‌పీఓ, ఎన్‌బీఎం రెండూ నోటితో ఏమీ ఇవ్వొద్దనే. ఆపరేషన్‌కి ముందు మంచం దగ్గర వేలాడదీసే బోర్డు అదే.

అక్యూట్, క్రానిక్ అన్న రెండు మాటలు మాత్రం ఎక్కువగా అపార్థమవుతాయి. క్రానిక్ అంటే ముదిరిపోయిందని చాలామంది నమ్మకం. అది తీవ్రతను చెప్పదు, ఎన్నాళ్లుగా ఉందో చెబుతుంది. సీకేడీ, అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్, అనాలంటే కిడ్నీ సమస్య మూడు నెలలకు మించి ఉండాలి. అందులో మొదటి దశలో ఉన్నవాళ్లు డయాలసిస్ లేకుండా ఏళ్ల తరబడి ఉండొచ్చు. ఏకేఐ (అక్యూట్ కిడ్నీ ఇంజురీ) అంటే గంటల్లోనో రోజుల్లోనో కిడ్నీ దెబ్బతినడం. విపరీతమైన విరేచనాలతో ఒంట్లో నీరు పోయి అలా కావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు, మళ్లీ పూర్తిగా కోలుకోనూవచ్చు. ఎంఐ అంటే గుండెపోటు, రక్తనాళం మూసుకుపోయి గుండె కండరం చావడం. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావాల్సినంత పంపు చేయలేకపోవడం. ఆగిపోతే అది కార్డియాక్ అరెస్ట్. మనవాళ్లు ‘హార్ట్ స్ట్రోక్’ అని ఒక మాట వాడతారు. వైద్యంలో స్ట్రోక్, సీవీఏ అంటే మెదడుకి వచ్చేది, పక్షవాతం. 108కి ఫోన్ చేసి చెప్పేటప్పుడు ఈ తేడా తెలిసి ఉంటే మంచిది.

కాన్పుల వార్డు కాగితాల్లో ‘జీ3 పీ1 ఎల్1 ఏ1’ లాంటి వరుస ఉంటుంది. జీ ఇప్పటిదాకా వచ్చిన గర్భాలు, పీ కాన్పులు, ఎల్ బతికున్న పిల్లలు, ఏ మధ్యలో పోయిన గర్భాలు. అంటే ఈమెకి ఇది మూడో గర్భం, ఒక కాన్పు అయింది, ఆ బిడ్డ ఉంది, ఒక గర్భం పోయింది. ఈ ‘ఏ’ దగ్గర కొన్ని ఇళ్లలో అనవసరమైన మనస్పర్థలు వస్తాయి. అది అబార్షన్ అన్న మాటకి పొడి అక్షరం కాబట్టి, కావాలని తీయించుకుందా అని అత్తగారు అడుగుతారు. వైద్యుల లెక్కలో దానంతట అదే పోయిన గర్భం కూడా అబార్షనే. ఎలా పోయిందో ఆ ఒక్క అక్షరం చెప్పదు. ఒక అమ్మాయి మనసు అంత గాయపడిన విషయంలో ఈ మాత్రం తెలిసి ఉండటం ఇంటిల్లిపాదికీ అవసరం.

ఈడీడీ అంటే కాన్పు రావచ్చని అంచనా వేసిన తేదీ. ఎల్‌ఎంపీకి, అంటే చివరి నెలసరి మొదటి రోజుకి, తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే వస్తుంది. జనవరి 10 అయితే అక్టోబర్ 17. నెలసరి సక్రమంగా రానివాళ్లకి తొలి నెలల స్కాన్‌ని బట్టి ఈ తేదీ మారుస్తారు. అందుకే ఒకే ఫైల్లో రెండు ఈడీడీలు కనిపిస్తాయి.

దాచడానికి రాసే మాటలు

కొన్ని పొడి మాటలు తొందర కోసం కాదు, మరుగు కోసం పుట్టాయి. టీబీని ‘కోచ్స్’ అని, కుష్ఠును ‘హాన్సెన్స్’ అని, హెచ్‌ఐవీని ‘ఆర్‌వీడీ’ అని, క్యాన్సర్ గడ్డను ‘మైటాటిక్ లీజన్’ అని రాయడం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. పక్క మంచం వాళ్లు చూసి వెలేయకుండా కాపాడటం ఒక ఉద్దేశం. హెచ్‌ఐవీ విషయంలో రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. ఇంకో ఉద్దేశం మన కుటుంబాల్లోంచి వచ్చింది. ‘నాన్నకి చెప్పొద్దు డాక్టర్‌గారూ, తట్టుకోలేడు’ అని కొడుకులే డాక్టర్ చేతులు పట్టుకుంటారు. పక్కవాళ్ల నుంచి దాచడం రోగి కోసం. రోగి నుంచే దాచడం ఎవరి కోసమన్నది తేలిక ప్రశ్న కాదు. తెలియకపోతే కీమోకి తను ఒప్పుకుంటున్నది దేనికో ఆయనకి తెలియదు. తెలిస్తే కుంగిపోతాడన్న ఇంటివాళ్ల భయమూ అబద్ధం కాదు.

తెలుగులో రాస్తే, పూర్తిగా రాస్తే

పొడి అక్షరాలు మానేయమంటే డాక్టర్ల వైపు నుంచి వచ్చే జవాబులో నిజం ఉంది. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌లో పొద్దున్నే ఓపీ దగ్గర ఉండే క్యూని ఒక్కసారి చూసినవాళ్లకి ఒక్కో రోగికి డాక్టర్ ఇవ్వగలిగే సమయం ఎంతో తెలుస్తుంది. పైగా ఈ అక్షరాలు అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే. విజయవాడ చీటీని చెన్నై షాపులో చూపించినా మందు దొరుకుతుంది. చీటీ మొత్తం తెలుగులో ఉంటే ఆ సౌకర్యం పోతుంది. మందు పేరు తెలుగులో రాసినప్పుడు ఒకే ఉచ్చారణ ఉన్న రెండు మందుల మధ్య తేడా చెరిగిపోయే ప్రమాదమూ ఉంది.

రోగి భద్రత కోసం మాట్లాడేవాళ్ల వాదన: మందు పేరు ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి, ఎప్పుడు, ఎన్ని, ఎన్నాళ్లు అన్న ముక్క తెలుగులో ఉండాలి. కంప్యూటర్ చీటీలో దీనికి అదనపు సమయం పట్టదు, ఒకసారి సాఫ్ట్‌వేర్‌లో పెడితే చాలు. బ్రిటన్‌లో డాక్టర్ల కాలేజీల సమాఖ్య 2018లో ఓపీ ఉత్తరాలను నేరుగా రోగినే ఉద్దేశించి, మామూలు మాటల్లో రాయమని డాక్టర్లను కోరింది. మన దగ్గర 2016లో అప్పటి వైద్య మండలి నిబంధన మార్చి, మందుల జెనెరిక్ పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని చెప్పింది. పొడి అక్షరాల ప్రస్తావన అందులో లేదు.

రిపోర్టు డాక్టర్‌కన్నా ముందు రోగికి చేరడం మీదా రెండు మాటలున్నాయి. అనవసరంగా భయపడతారని కొందరు, తన రక్తం గురించి తనకి ముందు తెలియడంలో తప్పేముందని కొందరు. ఫోటో తీసి ఫోన్‌ని అడిగితే అర్థం చెప్పే రోజులివి. కానీ ఫోన్‌కి ఒక ముక్క మాత్రమే చూపిస్తే ఆర్‌ఏకి ఉన్న మూడు అర్థాల్లో ఏది చెబుతుందో దానికే తెలియాలి. రిపోర్టు పూర్తి పేజీ, పాత రిపోర్టు, వాడుతున్న మందులు ఒకచోట పెట్టుకుని చూసే మనిషికి అందే అర్థం వేరు.

పూర్తి కాగితం అడిగి తీసుకునే హక్కు కూడా ఉంది. 2002 వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగిగానీ, రోగి అధికారమిచ్చిన మనిషిగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి సమ్మరీ మీద ఎల్‌ఏఎంఏ అని ఉన్నవాళ్లకి, అంటే డాక్టర్ వద్దన్నా వెళ్లిపోతున్నామని సంతకం పెట్టి బయటికి వచ్చినవాళ్లకి, ఆ నియమంలో మినహాయింపేమీ రాయలేదు.